అమ్ముడుపోని రిబ్బను, వర్క్‌షాప్ ఖాకీ

1885 ఏప్రిల్‌లో ఒక రోజు. అమెరికాలోని ఆస్టిన్ రైల్వే స్టేషన్‌లో టెక్సాస్ యూనివర్సిటీ కుర్రాళ్లు రైలెక్కి కూర్చున్నారు. పక్కనున్న జార్జ్‌టౌన్‌లో బేస్‌బాల్ మ్యాచ్. తీరా బండి కదిలే వేళకి, ఎవరు ఏ జట్టు వైపో తెలిసేలా ఒంటికి కట్టుకోడానికి రిబ్బన్లు తేలేదని గుర్తొచ్చింది. ఇద్దరు కిందికి దూకి బజారుకు పరుగెత్తారు. ఏవైనా సరే, రెండు రంగులు, ఎక్కువగా ఇవ్వమన్నారు. కొట్టతని దగ్గర తెల్ల రిబ్బను ఎప్పుడూ దండిగా ఉండేది, అది బాగా పోయే సరుకు. నారింజ రిబ్బను కూడా దండిగానే ఉంది, దాన్ని కొనేవాళ్లు లేక. అవే రెండూ పట్టుకుని పరుగున వచ్చి రైలెక్కారు. ఆ యూనివర్సిటీ చరిత్ర చెప్పేవాళ్లు రంగుల కథని ఇక్కడే మొదలుపెడతారు.

ఆ రోజు అమ్ముడుపోక మూలన పడి ఉన్న నారింజే ఇప్పుడు లక్షల మంది పూర్వ విద్యార్థులకు ఇంటిపేరు లాంటిది. 1937లో కట్టిన అక్కడి టవర్‌ని ఆటల్లో గెలిచిన రాత్రీ, పట్టాలిచ్చే రోజూ నారింజ వెలుగులో ముంచుతారు. ఎక్కడో విమానాశ్రయంలో ఆ రంగు టోపీ కనిపిస్తే ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఆగి పలకరించుకుంటారు. టెక్సాస్‌లో చదివి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఆ రంగు చొక్కాలు కనిపిస్తాయి. పిల్లలకి ఆ రంగు పరిచయం అయ్యేది అమ్మో నాన్నో ఆదివారం వేసుకునే పాత టీషర్ట్ ద్వారా.

ఒక్క పరుగుతోనే అది కాలేజీ రంగు అయిపోలేదు. తర్వాతి పదిహేనేళ్లలో ఏ ఏటి విద్యార్థులు ఆ ఏడు తమకు నచ్చిన రంగులు కట్టారు. ఒకసారి నారింజ పక్కన తెలుపు, ఇంకోసారి మెరూన్. గాల్వెస్టన్‌లో ఉన్న మెడికల్ విభాగం వాళ్లు నీలం కావాలన్నారు. చివరికి 1900లో ఓటింగ్ పెట్టారు. చదువుతున్నవాళ్లతో పాటు చదివి వెళ్లిపోయినవాళ్లకీ ఓటు ఇచ్చారు. పోలైన 1,111 ఓట్లలో 562 నారింజ-తెలుపుకి పడ్డాయి. అంతటితోనూ తేలలేదు. ఆ రోజుల అద్దకాలు ఎన్నో ఉతుకులకు నిలిచేవి కావు. సీజన్ సగమయ్యేసరికి ఆటగాళ్ల జెర్సీలు వెలిసి పసుపు పచ్చగా తేలేవి, ఎదుటి జట్టు అభిమానులు వాటిని చూసి పిరికివాళ్లని గేలి చేసేవాళ్లు. ఇంగ్లీషులో పసుపు పిరికితనానికి గుర్తు. 1928లో కోచ్ లిటిల్‌ఫీల్డ్ వెలవని ముదురు నారింజ కావాలని పట్టుబట్టి వేయించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ అద్దకం దొరక్క మళ్లీ లేత రంగుకి దిగారు. 1960ల మొదట్లో ఇంకో కోచ్ ముదురు రంగుని తిరిగి తెచ్చాడు. 'బర్న్ట్ ఆరెంజ్' అని ఇవాళ అందరూ మురిపెంగా పిలుచుకునే రంగు వెనక వెలిసిపోయిన జెర్సీలున్నాయి, పడ్డ మాటలున్నాయి, యుద్ధం తెచ్చిన కరువుంది.

కాలేజీ రంగు అంటే వ్యవస్థాపకులు బాగా ఆలోచించి, 'ఎరుపు ధైర్యం, నీలం జ్ఞానం' అని అర్థం చెప్పి ఎంచుకుంటారని అనుకుంటాం. ప్రాస్పెక్టస్‌లలో అలాగే రాస్తారు కూడా. పాత కాలేజీల చరిత్ర చూస్తే చాలాచోట్ల జరిగింది దానికి తిరగబడ్డ వరస. ముందు రంగు వచ్చింది, అదీ దూరం నుంచి గుర్తుపట్టే అవసరం కోసం. అర్థం ఆ తర్వాత చేరింది. ఆ అర్థాన్ని చేర్చింది కూడా ఎక్కువగా కాలేజీలో ఉన్నవాళ్లు కాదు, అక్కడి నుంచి వెళ్లిపోయినవాళ్లు.

దూరం నుంచి గుర్తుపట్టడం అన్నది పడవ పందేలతో మొదలైంది. 1829లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మొదటిసారి హెన్లీలో పోటీ పడ్డాయి. ఆక్స్‌ఫర్డ్ పడవ నడిపినవాళ్లలో చాలామంది క్రైస్ట్ చర్చ్ కాలేజీ వాళ్లు కావడంతో వాళ్ల ముదురు నీలం జట్టుదయింది. 1836లో రెండో పందేనికి ముందు ఎవరో కేంబ్రిడ్జ్ పడవకి లేత నీలం రిబ్బను ముక్క కట్టారు, అది వాళ్లకు అంటుకుంది. తర్వాత ఆ రంగు పేరే గౌరవం అయిపోయింది. యూనివర్సిటీ తరఫున పెద్ద పోటీలో ఆడినవాడికి 'బ్లూ' వచ్చిందంటారు. 1893లో కేంబ్రిడ్జ్ తరఫున క్రికెట్ ఆడి, మన రంజీ ట్రోఫీకి పేరిచ్చిన రంజిత్‌సిన్హ్‌జీ ఆ 'బ్లూ' అందుకున్నాడు. ఇంగ్లీషు పెద్దమనుషుల జీవిత చరిత్రల్లో ఇప్పటికీ డిగ్రీ పక్కనే ఈ మాట కనిపిస్తుంది.

హార్వర్డ్ కథ కూడా నీళ్ల మీదే మొదలైంది. 1858లో బోస్టన్ పడవ పందెంలో తమ జట్టు ఎక్కడుందో ఒడ్డున ఉన్నవాళ్లకి తెలియాలని చార్లెస్ ఎలియట్, ఇంకో స్నేహితుడు కలిసి ఎర్ర పట్టు రుమాళ్లు కొని తలలకి కట్టారు. ఆ ఎలియటే 1869 నుంచి నలభై ఏళ్లు హార్వర్డ్‌కి ప్రెసిడెంట్‌గా ఉన్నాడు. మధ్యలో కొన్నేళ్లు అక్కడి విద్యార్థులు ఊదా కలిసిన గులాబీలా ఉండే మెజెంటా రంగు వాడారు. వాళ్ల పత్రిక 1873లో మొదలైంది 'ది మెజెంటా' పేరుతోనే. 1875లో ఓటింగ్‌లో క్రిమ్‌సన్, అంటే ముదురు ఎరుపు, గెలిచాక పత్రిక పేరూ మార్చుకుంది. యూనివర్సిటీ ఆ రంగుని అధికారికంగా రాసుకున్నది 1910లో. రుమాలు కట్టి అప్పటికి యాభై రెండేళ్లు.

మెజెంటా ఎందుకు వచ్చి పడిందన్నది ఇక్కడ చూడాల్సిన విషయం. 1858లో రుమాళ్లు కొన్న రోజున ఆ పేరుతో రంగే లేదు. 1856లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు తారు నుంచి తీసిన పదార్థంతో ఊదా అద్దకం కనిపెట్టాడు. 1859లో ఫ్రాన్స్‌లో ఇంకో అద్దకం తయారై, ఆ ఏడు ఇటలీలో మెజెంటా దగ్గర జరిగిన యుద్ధం పేరు పెట్టుకుంది. అలా కళ్లు జిగేలుమనే కొత్త రంగుల రిబ్బన్లు చవగ్గా బజారులోకి వచ్చాయి. అమెరికా కాలేజీలు రంగులు ఏరుకున్నదీ సరిగ్గా ఆ రెండు మూడు దశాబ్దాల్లోనే. ఇదే ఒరవడి మన తీరాన్ని వేరే విధంగా తాకింది. మచిలీపట్నం అద్దకపు బట్టలకి ప్రాణమైన, చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసే ఎరుపుని, నీలిమందు చేలని ఇలాంటి కార్ఖానా రంగులే దెబ్బతీశాయి. అక్కడ విద్యార్థుల ఛాతీ మీద గర్వంగా రెపరెపలాడిన కారణమే ఇక్కడ అద్దకం కుటుంబాల పొయ్యి ఆర్పింది. కాలేజీ రంగుల గురించి రాసేవాళ్లు ఈ సంగతి ఎందుకో తలవరు.

రంగుకి అర్థం చేర్చేది వెళ్లిపోయినవాళ్లే అనడానికి గట్టి సాక్ష్యం అమెరికాలోని ప్రిన్స్‌టన్ కాలేజీ. అక్కడి పాత భవనం నాసా హాల్‌కి ఆ పేరు ఇంగ్లండు రాజు మూడో విలియం వంశాన్ని బట్టి వచ్చింది. ఆయనది ఆరెంజ్-నాసా వంశం. అందుకని 1866లో ఒక విద్యార్థి 'మన రంగు నారింజ అయితే బాగుంటుంది' అన్నాడు. 1874లో సారటోగా పడవ పందేలకి వెళ్లే జట్టు కోసం ఇంకో విద్యార్థి నారింజ మీద నలుపు గీతలున్న రిబ్బను ప్రత్యేకంగా నేయించాడు. జట్టు వాడగా మిగిలింది అమ్మకానికి పెడితే జనం ఎగబడి కొన్నారు. నలుపు అలా చేరింది, దానికి రాజవంశంతో ఏ సంబంధమూ లేదు.

ఇరవై రెండేళ్లు గడిచాయి. 1896లో కాలేజీ నూట యాభై ఏళ్ల పండుగ చేసుకుని 'ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ'గా పేరు మార్చుకుంటున్న సమయంలో, కళా చరిత్ర బాగా తెలిసిన ప్రొఫెసర్ అలన్ మార్క్వాండ్ ఒక మాట లేవనెత్తాడు. నాసా వంశపు అసలు రంగులు నారింజ, నీలం. నలుపు తీసేసి నీలం పెడితే చరిత్రకి సరిపోతుంది కదా అని. చదువులో ఆయనది ముమ్మాటికీ సరైన మాటే. కానీ ఆ ఇరవై రెండేళ్లలో నారింజ-నలుపు కట్టుకుని ఆడినవాళ్లు, గెలిచినవాళ్లు, ఓడి ఏడ్చినవాళ్లు వేలమంది తయారయ్యారు. పొరపాటున వచ్చినదే అయినా వాళ్ల వయసు అందులో ఉంది. ట్రస్టీలు నారింజ-నలుపునే ఖాయం చేశారు.

ఆ రంగు ఇప్పుడెలా బతుకుతోందో చూడాలంటే మే నెలాఖరులో జరిగే వాళ్ల రీయూనియన్ చూడాలి. ఇరవై వేలకి పైగా మనుషులు వస్తారు. ఊరేగింపుకి 'పీ-రేడ్' అని పేరు. బయటికి వెళ్లి పాతికేళ్లయిన బ్యాచ్ ముందు నడుస్తుంది. వాళ్ల వెనక అందరికంటే పెద్దవాళ్లు, ఆ తర్వాత ఏటికేడు వరసగా చిన్నవాళ్లు, చివర ఆ ఏడు పట్టా అందుకోబోతున్నవాళ్లు. పాతికేళ్ల బ్యాచ్ కోసం ప్రత్యేకంగా కోటు కుట్టిస్తారు. రంగులు అవే రెండు, డిజైన్ మాత్రం ఆ బ్యాచ్‌కే సొంతం. ఈ కోటు అలవాటు వెనక 1912 నాటి చిన్న ముచ్చట ఉంది. బీరు నురగ పడి మంచి బట్టలు పాడవుతున్నాయని కొందరు ఆఖరి ఏడాది విద్యార్థులు కూలీలు వేసుకునే ముతక డెనిమ్ బట్టలు తొడుక్కుని తాగడానికి వెళ్లారట. మరకలు పడకుండా వేసుకున్న బట్టే తరాలు దాటి, పెట్టెలో దాచుకునే వస్త్రమైంది. రోడ్డు పక్కన నిలబడ్డ ఇరవై ఏళ్ల పిల్లలు, చక్రాల కుర్చీలో వెళ్తున్న తొంభై ఏళ్ల మనిషిని చూసి కేకలు వేసి చప్పట్లు కొడతారు. ఆయన ఎవరో వాళ్లకి తెలియదు. కోటు తెలుసు.

ఈ కథలో చేదు కూడా ఉంది. ఒక రంగు 'మనది' అయిన క్షణం నుంచీ 'మీది కాదు' అనడానికీ పనికొస్తుంది. 1897 మేలో కేంబ్రిడ్జ్‌లో స్త్రీలకు డిగ్రీ హోదా ఇవ్వాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. ఓటు పట్టభద్రులైన పూర్వ విద్యార్థులది. వాళ్లు ప్రత్యేక రైళ్లలో దిగి, 1,700 మందికి పైగా వద్దన్నారు. అనుకూలంగా పడ్డవి 660 పైచిలుకు. హైదరాబాద్ నుంచి నిజాం స్కాలర్‌షిప్ మీద వెళ్లిన సరోజినీ నాయుడు లండన్ కింగ్స్ కాలేజీలోనూ, కేంబ్రిడ్జ్‌లో స్త్రీల కాలేజీ గిర్టన్‌లోనూ చదివింది ఆ రోజుల్లోనే. ఆ యూనివర్సిటీ స్త్రీలకి పూర్తి డిగ్రీ ఇచ్చింది 1948లో. మధ్యలో 1904 నుంచి 1907 వరకూ 700 మందికి పైగా స్త్రీలు ఓడెక్కి డబ్లిన్ వెళ్లి, తాము ఆక్స్‌ఫర్డ్‌లోనో కేంబ్రిడ్జ్‌లోనో చదివిన చదువుకి ట్రినిటీ కాలేజీ పట్టా తీసుకున్నారు. చదివింది ఒకచోట, గౌను వేసుకుంది సముద్రం అవతల ఇంకోచోట.

అమెరికాలో ఈ గౌన్లకి ఒక పద్ధతి 1895లో ఏర్పడింది. వీపు మీద వేలాడే హుడ్ అంచున ఉండే మఖమల్ పట్టీ చదివిన విషయాన్ని చెబుతుంది: ఇంజనీరింగ్‌కి నారింజ, సైన్సుకి బంగారు పసుపు, వైద్యానికి ఆకుపచ్చ, సాహిత్యానికి తెలుపు. లోపలి శాటిన్ లైనింగ్ ఏ యూనివర్సిటీయో చెబుతుంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒక ఇంటి హాల్లో దేవుడి పటాల పక్కన కొడుకో కూతురో ఎంఎస్ పట్టా అందుకున్న ఫొటో ఉంటే, అందులో ఆ రెండు రంగులూ ఉంటాయి. తల్లిదండ్రులకి ఆ కోడ్ తెలియదు. 'ఆ పట్టీ ఏంటమ్మా' అని చుట్టాలు అడిగితే 'అక్కడ అలా వేస్తారు' అంటారు. ఆ ఫొటో వెనకున్న లోను, తొలి చలికాలం, స్టోర్‌లో నిలబడి చేసిన రాత్రి డ్యూటీలు మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. కోడ్ రాసినవాళ్లు ఊహించని అర్థం ఆ నారింజ పట్టీకి అక్కడ ఉంది.

మరి మన కాలేజీలకి రంగులేవి? ఉస్మానియా లోగో ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ లోగో ఉంది. 'ఉస్మానియా రంగు ఏది' అని అక్కడ చదివినవాళ్లని అడిగితే చాలామంది ఆగిపోతారు. కాసేపాగి ఎవరో ఒకరు 1939లో పూర్తయిన ఆర్ట్స్ కాలేజీ రాయి రంగు చెబుతారు, పొద్దుటి ఎండలో గులాబీ ఛాయగా కనిపించే ఆ గ్రానైట్. ఇంకొకరు తాము పట్టుకున్న జెండా రంగు చెబుతారు. ఎరుపు, కాషాయం, నీలం. ఆ జెండాల మధ్య జరిగిన గొడవల్ని బట్టి పాతికేళ్ల తర్వాత కూడా కొందరు ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోరు. యూనివర్సిటీ ఇవ్వని రంగుని రాజకీయం ఇచ్చింది.

స్నాతకోత్సవం నల్ల గౌను కూడా మనకి అప్పుగానే వచ్చింది. చలి ప్రదేశాల్లో చర్చి నీడన చదువుకున్నవాళ్ల అంగీ అది, మన వేసవిలో చెమటలు కక్కిస్తుంది. 2010లో భోపాల్‌లో ఒక స్నాతకోత్సవంలో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ వేదిక మీదే గౌను తీసేసి, ఇది వలస పాలన అవశేషం అన్నారు. 2019లో యూజీసీ చేనేత వస్త్రాలు వాడమని యూనివర్సిటీలకి రాసింది. 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ తన కింది వైద్య సంస్థలని నల్ల గౌను వదిలి స్థానిక సంప్రదాయపు దుస్తులు ఎంచుకోమంది. ఆలోచన మంచిదే. చేనేత రాష్ట్రాలైన మనకి ఇంకా మంచిది. అయితే కండువా మార్చినంత మాత్రాన రంగు మనదైపోదు, పదేళ్లో ఇరవై ఏళ్లో వరసగా ఒకటే కొనసాగాలి. ఏటికో రంగు మారిస్తే అది ఫంక్షన్ డ్రెస్ అయి మిగిలిపోతుంది.

నిజానికి మనకి రంగులు లేకపోలేదు. పట్టా పుచ్చుకునే రోజున కాక, పని నేర్చుకునే రోజుల్లో వేసుకున్నాం. ఇంజనీరింగ్ చదివినవాళ్లకి అది ఖాకీ. మొదటి సంవత్సరం వర్క్‌షాప్‌కి ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, బూట్లు లేకపోతే లోపలికి రానివ్వరు. కార్పెంటరీ, ఫిట్టింగ్, ఫౌండ్రీ, టిన్‌స్మితీ, హౌస్ వైరింగ్ వరసగా తిప్పుతారు. ఫిట్టింగ్‌లో అరచేతిలో పట్టే ఇనుప పలక ఇచ్చి నాలుగు అంచులూ సరిగ్గా మూలమట్టానికి రావాలంటారు. వైస్‌లో బిగించి ఆకురాయితో రుద్దాలి. ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తే సన్నటి వెలుగు గీత కనిపించకూడదు. కనిపిస్తే మళ్లీ రుద్దుడే. మధ్యాహ్నానికి అరచేతిలో బొబ్బ, చొక్కా మీద ఇనప రజను, ఫౌండ్రీ వారమైతే మోచేతుల దాకా నల్ల ఇసుక. ఉర్దూలో ఖాక్ అంటే మట్టి. ఆ పేరు ఎందుకు పెట్టారో సాయంత్రం బట్టలు ఉతికేటప్పుడు అర్థమవుతుంది. వీళ్లలో చాలామంది ఆ తర్వాత జీవితమంతా కీబోర్డు ముందు గడిపారు. చేతులతో ఒక వస్తువు చేసి మార్కులు తెచ్చుకున్నది ఆ ఖాకీలోనే. అందుకే సివిల్, మెకానికల్, కంప్యూటర్స్ అని తేడా లేకుండా అందరూ కలిసినప్పుడు ఆ మాట వస్తుంది. డాక్టర్లకి తెల్ల ఏప్రన్ ఇలాంటిదే, డిసెక్షన్ హాల్ ఫార్మలిన్ వాసనతో సహా. లాయర్లకి నల్ల కోటు. అమెరికా హుడ్ మీది మఖమల్ పట్టీ చెప్పేదే ఇవీ చెబుతాయి, కాకపోతే చెమట వాసనతో.

ఇప్పుడు మన ఊళ్లలో జరుగుతున్న ఆత్మీయ సమ్మేళనాల దగ్గరికి వద్దాం. పదో తరగతి బ్యాచ్ కావచ్చు, డిగ్రీ కావచ్చు. జిల్లా పేజీలో ఫొటో చూడగానే కళ్లకి కనబడేది రంగే: మగవాళ్లంతా ఒకే టీషర్ట్, ఆడవాళ్లంతా ఒకే రంగు చీర. దీన్ని చూసి కొందరు పెదవి విరుస్తారు, పెళ్లి సంగీత్‌లా ఉందని. అది తొందరపాటు. పాతికేళ్ల తర్వాత ఆ గుంపులో ఒకరు తహసీల్దారు, ఒకరు ఆటో నడుపుతారు, ఒకరు న్యూజెర్సీ నుంచి దిగారు, ఒకరు పక్క వీధిలో టిఫిన్ బండి పెట్టారు. ఒంటి మీద బట్ట మనిషి స్థాయిని చెప్పే దేశంలో, ఒక్క పూటకి ఆ తేడా తీసేయడానికి అంతకంటే తేలికైన దారి లేదు. పాత రోజుల్లో స్కూలు యూనిఫాం చేసింది కూడా అదే.

రంగు ఎంచుకునే పద్ధతి దగ్గరే చిక్కులు. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పడతాయి. ఒకరు నెమలికంఠం అంటారు, ఒకరు కనకాంబరం, ఇంకొకరు రామా గ్రీన్. వంకాయ రంగు నాకు నప్పదని ఒకరు. మూడు రోజులు నడిచి చివరికి హోల్‌సేల్ కొట్లో ఒకే డిజైన్‌లో నలభై చీరలు ఏ రంగులో ఉంటే ఆ రంగు ఖాయమవుతుంది. ఆస్టిన్ కొట్లో జరిగినట్టే. ఈలోగా మాట్లాడనివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. చీర డబ్బులు సర్దలేక రావట్లేదని చెప్పలేని మనిషి. భర్త పోయి, ముదురు ఎరుపు కట్టుకుంటే అత్తింట్లో ఏమంటారోనని టెన్షన్ పడే మనిషి. ఆమె కట్టుకోవచ్చు, కట్టుకోవాలి కూడా, కానీ ఆ పోరాటం సమ్మేళనం రోజే చేయమనడం మనం అడగదగ్గది కాదు. నిర్వాహకులు ముందే ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేస్తే ఈ రెండూ తెలుస్తాయి, గ్రూపులో ఓటింగ్ పెడితే తెలియవు. కుదిరితే ఎక్కడి నుంచో ఏరిన రంగుకి బదులు తమ రోజుల్లోది ఒకటి వెతుక్కోవచ్చు. ఆ స్కూలు లంగా-ఓణీ నీలం, కాలేజీ గోడకి వేసిన సున్నం పసుపు, లేదా ఖాకీయే. ఐదేళ్ల తర్వాత మళ్లీ కలిసినప్పుడూ అదే కట్టాలి.

ఇలా వెతకబోతే పాత గ్రూప్ ఫొటో బయటికి తీయాల్సి వస్తుంది. అక్కడ ఇంకో ఇబ్బంది. పెట్టెలో దాచిన ఆ కాలపు కలర్ ప్రింట్లు చాలావరకు ఎర్రబడి ఉంటాయి. కలర్ కాగితంలో పసుపు, మెజెంటా, సయాన్ అని మూడు అద్దకాల పొరలుంటాయి. పాత రకం కాగితాల్లో, చీకట్లో ఉంచినా సరే, సయాన్ ముందుగా క్షీణిస్తుంది. నీలి ఛాయ తగ్గేసరికి మిగిలిన రెండూ కలిసి ఫొటో అంతా ఇటుక రంగుకి తిరుగుతుంది. ప్రిన్సిపాల్ తెల్ల చొక్కా గులాబీ అవుతుంది, వెనక వేపచెట్టు గోధుమ రంగు అవుతుంది. రెండో వరసలో నిలబడ్డ అమ్మాయి ఓణీ ఆకుపచ్చా, ఆనందా బ్లూనా అని ఇంతమంది కూర్చుని వాదించుకుంటారు. స్టూడియో కుర్రాడు కంప్యూటర్‌లో ఎరుపు తగ్గించి, చర్మం రంగు కుదిర్చి, ఓణీ దగ్గరికొచ్చి ఆగుతాడు. పోయిన రంగుని లెక్కగట్టే ఆధారం ఆ కాగితంలో లేదు. ఆమె నంబరు ఎవరి దగ్గరైనా ఉందేమో కనుక్కుని, ఫోన్ చేసి అడుగుతారు.